మూడు పటాకీలు, ఒక ఎర్రజెండా

పట్టా మీద పటాకీ పేలిందో లేదో, పెట్టెలోని 'చెవి' రెండు తుపాకుల్నీ గిర్రున తిప్పి, యార్డు చివర పట్టా మీద తాడుతో కదిలించిన గడ్డిబొమ్మని తూట్లు తూట్లు చేసి పారేసింది. మనిషి రెప్ప వేసి ఎత్తేలోపు అంతా అయిపోయింది.

"శెభాష్!" అన్నారు కల్నల్. "మనిషి చేతికి ఇంత జోరు ఎక్కడిది?"

సిపాయిలు చప్పట్లు కొట్టారు. దాలినాయుడు కొట్టలేదు. చక్రాలు తట్టే పొడుగాటి సుత్తిని భుజాన వేసుకుని ఆ బొమ్మకేసే చూస్తూ నిలబడ్డాడు. బొమ్మకి తొడిగింది అతని పాత చొక్కాయే. దాని గుండీల పట్టీ ఎగిరొచ్చి అతని కాళ్ళ దగ్గర కంకరలో పడింది.

దాలినాయుడికి అరవై నాలుగేళ్ళు. అందులో ముప్పై ఎనిమిదేళ్ళు ఆ షెడ్డులోనే వాగన్ల చక్రాలు తట్టాడు. సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే మంచి చక్రం కంచులా ఖంగుమంటుంది. లోపల పగులున్నది పాత కుండలా బొదబొదమంటుంది. పగిలినదాని మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి పక్కకి తోయించడం అతని పని. చదివింది మూడో తరగతి. అయినా చక్రం విషయంలో ఇంజనీర్లు కూడా అతని మాటకి ఎదురు చెప్పేవారు కాదు. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషిని యుద్ధం వచ్చి మళ్ళీ లేపింది.

సముద్రం మీంచి వచ్చిన శత్రువు ముందు గాలిని పాడుచేశాడు. ఫోన్లు మూగబోయాయి. వైర్‌లెస్సులు బుసబుసమని ఊరుకున్నాయి. ఆకాశంలో తిరిగే యంత్రాలు దారి తప్పి చేలల్లో కూలాయి. ఇక గాలితో పని లేనిది రైలు పట్టా ఒక్కటే మిగిలింది. షెడ్డువాళ్ళు నాలుగు బొగ్గు వాగన్లు తెచ్చారు. పాత పట్టాలు కోసి గోడల్లా అతికి, గోడకీ గోడకీ మధ్య ఇసుక కూరారు. ముసలి డీజిల్ ఇంజనుకి బాయిలరు రేకు తొడిగారు. నక్షా లేదు, కొలతలన్నీ షెడ్డు నేల మీద సుద్దగీతలే. పందొమ్మిది రోజుల్లో నాలుగు పెట్టెల కోట ఒకటి చక్రాల మీద నిలబడింది. దాని నల్లటి ఒళ్ళూ, బరువు నడకా చూసి అందరూ దాన్ని ఇనప్పోతు అన్నారు.

ఇనప్పోతుకి చెవి పెట్టింది డాక్టర్ వసుంధర. ముప్పై దాటని మనిషి, మాట మెత్తన. కొబ్బరిచిప్పలంత గిన్నెల్ని చక్రాల ఇరుసుల మీద బిగించి, తీగల్ని రెండో వాగన్‌లోని పెట్టెలోకి లాగింది. నాలుగు మైళ్ళ దూరంలో పట్టాని ఏది ముట్టుకున్నా ఆ పెట్టె వింటుంది. మేకో, మనిషో, లారీయో చెబుతుంది. ప్రమాదం లేదంటే పచ్చదీపం, శత్రువంటే ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగిందంటే తుపాకులు వాటంతటవే తిరుగుతాయి.

ఏ చప్పుడు ఏమిటో దానికి చెప్పింది మాత్రం దాలినాయుడే. పిల్లకి అక్షరాలు దిద్దబెట్టినట్టు రెండు నెలలు పట్టా మీద తట్టి తట్టి నేర్పాడు. మేకల మంద నడిపించాడు, ఆడవాళ్ళ చేత నీళ్ళ బిందెలతో దాటించాడు. ఇక నేర్పాల్సింది మందుపాతర చప్పుడు. దానికి పేలుడు కావాలి. పాఠాల కోసం తగలెయ్యడానికి తమ దగ్గర మందు లేదన్నారు సైన్యంవాళ్ళు.

"మా సామాన్ల టోరులో పటాకీలున్నాయి కదమ్మా," అన్నాడు దాలినాయుడు. "సక్రం కింద ఏస్తే డబ్బుమంటాయి. సిన్న బాంబే అనుకో."

పటాకీ అంటే గుండ్రటి రేకు డబ్బీ, అరచేతిలో పడుతుంది. పట్టా మీద పెట్టి దాని రెండు రెక్కల్నీ కిందికి వంచితే అతుక్కుని ఉంటుంది. రైలు చక్రం ఎక్కగానే పేలుతుంది. నలభై పటాకీలు దాలినాయుడే బస్తాలో మోసుకొచ్చాడు. నలభై సార్లు పేల్చారు. చక్రం కింద పేలిందంటే శత్రువు, దగ్గరలో పట్టా మీద ఎవరి అలికిడి ఉంటే వాణ్ణి కొట్టాలి, అని చెవి నలభై సార్లు నేర్చుకుంది.

కల్నల్ శెభాష్ అన్న మర్నాడు పొద్దున్నే దాలినాయుడు చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. చెల్లెలు బోడెమ్మ, బావ తవిటయ్య. పెద్ద గెడ్డ అనే వాగు మీది వంతెన దగ్గర లెవెల్ క్రాసింగు పక్కన వాళ్ళ క్వార్టరు. తవిటయ్య కీమేన్. రోజూ ఆరు కిలోమీటర్ల పట్టా నడిచి, ఊడిన బిగింపుల్ని సుత్తితో బిగించి వస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళు స్లీపరు మీంచి స్లీపరు మీదికి అడుగేసి అడుగేసి, మామూలు నేల మీద కూడా అలాగే అంగలేసి నడుస్తాడు. పైగా ఎడమ మడమ కొంచెం ఈడుస్తాడు.

"ఏటి బావా, నీ ఇనప్పోతు ఈనిందేటి?" అన్నాడు తవిటయ్య, చోడి అంబలి గిన్నె ముందుకు తోస్తూ.

"పోతు ఈనదురా బావా."

"మీ డాక్టరమ్మ తల్సుకుంటే ఈనుద్ది. సెవులు మొల్సినాయి కదేటి."

బోడెమ్మ ఉల్లిపాయ చితక్కొట్టి తెచ్చింది. "ఊరుకో మావా. పొద్దున్నే నీ ఎటకారాలూ నువ్వూ. తిను అన్నియ్యా, సల్లారిపోతాది."

తవిటయ్య తినడం ముగించి సంచి సర్దుకుంటున్నాడు. ఎర్రజెండా, పచ్చజెండా, సుత్తి, స్పానరు. చివరికి ఒక రేకు డబ్బా తీసి మూత ఊడదీశాడు. లోపల మూడు పటాకీలు.

"సూసినావా? పది ఉండాల. మూడే ఇచ్చినాడు టోరోడు. మిగతాయి మీ షెడ్డోలు ఎత్తుకుపోనారంట. ఏం సేసుకుంటన్నారు, పెళ్ళి సేస్తన్నారేటి?" అని నవ్వి మళ్ళీ మూత పెట్టాడు. "పోన్లే, మూడుంటే సాలు. పట్టా ఇరిగిందంటే, మూడు పెట్టి ఎర్రజెండా ఊపితే, ఎంత పెద్ద బండైనా ఆగాల్సిందే. నీ ఇనప్పోతు కూడా."

దాలినాయుడి చేతిలో అంబలి గిన్నె అలాగే ఉండిపోయింది. కళ్ళ ముందు తన పాత చొక్కా కనపడింది.

గిన్నె కింద పెట్టి, ఎందుకో చెప్పకుండా లేచి, షెడ్డుకేసి పరుగులాంటి నడక నడిచాడు.

విషయం వినగానే వసుంధర చేతిలోని తీగ వదిలేసింది. అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"పటాకీలు మీవాళ్ళు రైలు ఆపడానికి వాడతారా?"

"అందుకే కదమ్మా అయి ఉన్నాయి! నాను గుడ్డినాకొడుకుని. మందుపాతర మందుపాతర అన్నారు, నా బుర్రలోనూ అదే దూరిపోనాది. ముప్పై ఎనిమిదేళ్ళు రైల్లో ఉండి, మావోడి సేతిలో సామానట్టుకొచ్చి శత్రువని పాఠం సెప్పినాను."

"మూడు వరసగా పేలితే కాల్చకుండా ఆగాలని మళ్ళీ నేర్పాలి. నాలుగు రోజులు కావాలి. కల్నల్ గారిని అడుగుదాం."

కల్నల్ కుర్చీలోంచి లేవకుండానే విన్నారు.

"నాలుగు రోజులా? ఎల్లుండి బండి బయల్దేరాలి. పైగా మూడు పేలితే ఆగాలని నేర్పారనుకోండి. శత్రువు కూడా మూడే పెడతాడు. బండి ఆగుతుంది. పీకలు కోస్తాడు."

"అయితే మా కీమేన్లకి కబురెట్టండి బాబూ. ఈ బండి ముందర పటాకీలు పెట్టొద్దని సెప్పండి."

"చెవి ఏం వింటుందో ఊరూరా దండోరా వేయించమంటావా? అది రహస్యం."

"పోనీ, తుపాకులాపీ పిడి ఒకటి ఎట్టండి. నాను పెట్టె కాడే కూకుంటాను. మావోడైతే ఆపీస్తాను."

"పిడి ఉంది," అన్నారు కల్నల్, జేబు తట్టి. "తాళం నా దగ్గరుంది. మనిషి చేతికిస్తే ఆలోచిస్తాడు. ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం వద్దనే కదా ఇంత అవస్థ పడ్డది?"

దాలినాయుడికి ఒళ్ళంతా మండిపోయింది. "ఆలోసన కూడా తాళం ఏసి జేబులో ఎట్టుకున్నారు బాబూ మీరు," అన్నాడు.

సిపాయిలు అతన్ని భుజం పట్టి బయటికి తెచ్చారు.

రహస్యం కాదు, గిహస్యం కాదు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి పట్టా మీద తవిటయ్యని పట్టుకుని అంతా చెప్పేశాడు దాలినాయుడు. తవిటయ్య పట్టా మీద కూర్చుని బీడీ ముట్టించి, నిదానంగా విన్నాడు.

"మరి పట్టా ఇరిగితే నానేటి సెయ్యాల బావా?"

"ఒట్టి జెండా ఊపు."

"నీ బండికి కిటికీ ఎంత?"

దాలినాయుడు నాలుగు వేళ్ళు చేర్చి చూపించాడు. ఇంజను ముందు రేకులో బెత్తెడు చీలిక కోసింది తనే.

"డైవరు గురవయ్య ఆ సందులోంచి జెండా సూత్తాడేటి? పటాకీ పేలితేనే కన్ను ఎడతాడు. పోనీ పటాకీ పెట్టీసి పొదలో దూరీమంటావా?"

"అదీ కుదర్దు. పేలితే ఆపొద్దు, జోరు పెంచమని హుకుం."

"మరైతే రెండూ ఉండాల," అన్నాడు తవిటయ్య. "పటాకీ ఉండాల, జెండా అట్టుకుని మనిషీ ఉండాల." బీడీ కంకరకి రుద్ది ఆర్పి, చెవి సందులో పెట్టుకున్నాడు. "ఇరిగితే కదా ఇదంతా. ఇరగదులే. నాను రోజూ బిగిస్తన్నాను కదేటి."

ఎల్లుండి రానే వచ్చింది. ఇనప్పోతు తీరంలోని జాలరిపేటకి వెళ్ళింది. దానికి వెనకాల రెండు మామూలు పెట్టెలు తగిలించారు. గుండ్లు పడుతున్న పేటలోంచి మూడు వందల మందిని, ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, వలలూ మూటలతో సహా ఎక్కించుకుని మధ్యాహ్నం తిరుగుదారి పట్టింది. దాలినాయుడు రెండో వాగన్‌లో చెవి పెట్టె పక్కనే కూర్చున్నాడు. చెవులకి వినికిడి డొప్పలు తగిలించుకున్నాడు. పక్కన ఒక కుర్ర కెప్టెన్.

దూరంగా ఎక్కడో గుండు పడిన చప్పుడు వచ్చింది. పెద్ద గెడ్డ వైపు నుంచి.

కాసేపటికి పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఒక మనిషి. పట్టా మీద. ఎదురుగా వస్తున్నాడు.

డొప్పల్లో అడుగులు వినపడ్డాయి. స్లీపరు మీంచి స్లీపరు మీదికి, అంగ, అంగ. ఎడమ మడమ ఈడుపు. మామూలు నడక కాదు, పరుగు.

"ఆపండి!" అని అరిచాడు దాలినాయుడు. "గెడ్డ కాడ పట్టా ఇరిగింది! ఆడు మా తవిటయ్య! తుపాకులాపీయండి బాబూ!"

"తాళం నా దగ్గర లేదు," అన్నాడు కెప్టెన్.

దాలినాయుడు సుత్తి ఎత్తి పెట్టె మీద మోదాడు. అరంగుళం బాయిలరు రేకు. తనే కోసి, తనే అతికి, తనే తట్టి చూసి మంచిదన్న రేకు. ఖంగుమంది. మళ్ళీ మోదాడు. ఖంగుమంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ఖంగుమన్న చప్పుడు మీద అతనికి ఎన్నడూ ఇంత అసహ్యం పుట్టలేదు.

కింద చక్రాల దగ్గర పేలింది. డబ్. పచ్చదీపం ఎర్రబడింది. పైన తుపాకులు తిరిగిన గిర్రు వినపడింది.

డబ్. తుపాకులు పేలాయి.

డబ్. అప్పుడే బ్రేకులు పడ్డాయి. మనుషులూ మూటలూ ముందుకి విసురుకుపోయారు. జోరు పెంచాల్సిన గురవయ్య సందులోంచి ఎర్రజెండా చూశాడు. హుకుం గికుం అన్నీ మరిచి చెయ్యి బ్రేకు మీద వేశాడు. పట్టాలు కీచుమని అరిచాయి. విరిగిన పట్టాకి ఇంకా రెండు పెట్టెల దూరం ఉందనగా ఇనప్పోతు ఆగింది. దాని ముందు గెడ్డ, దాని వెనక మూడు వందల ప్రాణాలు.

దాలినాయుడు దిగి వెనక్కి పరిగెత్తాడు. తవిటయ్య పట్టా పక్కన కంకర వాలులో వెల్లకిలా పడి ఉన్నాడు. జెండా కర్ర పిడికిట్లోంచి ఊడలేదు. బీడీ ముక్క ఇంకా చెవి సందులోనే ఉంది.

మర్నాడు షెడ్డు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. వసుంధర చదివి వినిపించమంటే చదవలేకపోయింది. గురవయ్య చదివాడు. పెద్ద గెడ్డ వంతెన దగ్గర పేలుడు పదార్థాలు పెట్టిన శత్రు మనిషిని ఒకణ్ణి మట్టుపెట్టడమైంది. చెవికి ఇది మొదటి విజయం. శవం సైన్యం అధీనంలో ఉంది.

"శత్రు మనిషా?" అంది బోడెమ్మ. ఆవిడ ఏడవలేదు. అప్పటికి ఒక్కసారి కూడా ఏడవలేదు. "ఇరవై ఎనిమిదేళ్ళు ఈళ్ళ పట్టాలు బిగించినాడు. శత్రు మనిషంట. శవం కూడా ఇవ్వరంట. ఏం అన్నియ్యా, నువ్వు నేర్పిన పాఠమేనంటగా ఇది?"

దాలినాయుడు తల దించుకున్నాడు. "నానే," అన్నాడు.

"అయితే నువ్వే దిద్దు."

అంతే అంది. అన్నగారి మొహం మళ్ళీ చూడకుండా, తవిటయ్య సంచి భుజాన వేసుకుంది.

ఆ సాయంత్రానికి నలభై మంది పట్టా మనుషులు, ఆడా మగా, షెడ్డు గేటు ముందు పట్టాల మీద కూర్చున్నారు. గడ్డపారలూ సుత్తులూ ఒళ్ళో పెట్టుకున్నారు. ఇనప్పోతు బయటికి పోవాలంటే వాళ్ళ మీదుగా పోవాలి. కల్నల్ కాల్పిస్తానన్నారు. పట్టా బాగుచేసేవాళ్ళని కాలిస్తే బండి దేని మీద నడుస్తుందండీ అన్నాడు గురవయ్య. కల్నల్ పళ్ళు నూరి, వసుంధరకి నాలుగు రోజులు ఇచ్చారు.

నాలుగు రోజులూ దాలినాయుడు షెడ్డు వదల్లేదు. పక్క స్టేషన్ల నుంచి పటాకీలు తెప్పించారు. మూడు వరసగా పేలితే ఆగు. ఒక్కటే పేలితే వెతుకు. మూడు పేలి, ఎదురుగా ఒకే మనిషి నిలబడి ఉంటే, కాల్చకు. అతను చేతులు బొబ్బలెక్కేదాకా తట్టాడు. వసుంధర కళ్ళు వాచిపోయేదాకా తీగలు మార్చింది. శత్రువు కూడా మూడు పెడితేనో అని కల్నల్ మళ్ళీ అడిగారు.

"పెడితే పెడతాడు బాబూ," అన్నాడు దాలినాయుడు. "అప్పుడు మన సిపాయి దిగి సూస్తాడు. ఆ కాస్త ఆలస్యం మీరు పడండి. ఇన్నాళ్ళూ మావోళ్ళు పడ్డారు."

అయిదో రోజు పొద్దున్న పరీక్ష. గడ్డిబొమ్మకి అడుగులుండవు, గుండె ఉండదు. నిజం మనిషి నిలబడితేనే నేర్చిందో లేదో తెలుస్తుంది. తుపాకుల్లో నిజం గుళ్ళే వేయించారు కల్నల్. ఉత్తుత్తి పరీక్ష తాను ఒప్పుకోనన్నారు.

"అయితే మీరు నిలబడండి బాబూ," అన్నాడు దాలినాయుడు.

కల్నల్ మీసం దువ్వుకుని తుపాకుల వైపు తిరిగారు.

"నేను నిలబడతాను," అంది వసుంధర.

"నువ్వు కూకో అమ్మా," అంది బోడెమ్మ, అప్పటికే పట్టా మధ్యలోకి నడుస్తూ. "నువ్వు పోతే దాన్ని బాగుసేసీది ఎవులు?"

"ఒద్దే సెల్లీ, నాను ఎల్తాను," అన్నాడు దాలినాయుడు.

"నీ సెయ్యి నేర్పిన పాఠం సరైందో కాదో నాను సూడాల అన్నియ్యా. నువ్వు ఆ పెట్టె కాడ కూకో."

మూడు పటాకీలూ తనే పట్టాకి అతికించింది. దూరంగా వెళ్ళి, సంచిలోంచి తవిటయ్య ఎర్రజెండా తీసింది. దాని మీద మరకలు ఆవిడ ఉతకలేదు. రెండు చేతులా చాపి పట్టుకుని నిలబడింది.

ఇనప్పోతు కదిలింది. పెట్టె దగ్గర దాలినాయుడు సుత్తి ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పచ్చదీపం.

డబ్. ఎర్రదీపం. పైన గిర్రుమని తుపాకులు తిరిగాయి.

డబ్.

డబ్.

తుపాకులు పేలలేదు. ఎర్రదీపం ఆరింది. పచ్చదీపం వెలిగింది. గురవయ్య బ్రేకు వేశాడు. బోడెమ్మకి పది బారల దూరంలో ఇనప్పోతు నిలబడింది. పైన తుపాకీ గొట్టాలు నెమ్మదిగా నేలకి వాలాయి.

జనం కేకలు పెట్టారు. వసుంధర మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది. కల్నల్ గడియారం చూసుకుని ముందుకొచ్చారు.

"సరే, నేర్చుకుంది. ఇక పక్కకి తప్పుకుని పచ్చజెండా చూపించమ్మా. బండి తీరానికి పోవాలి."

బోడెమ్మ కదల్లేదు. ఎర్రజెండా అలాగే ఉంది.

"నా మొగుడు శత్రు మనిషని రాసినావు గదా," అంది. "అది మార్చు. మార్చి, ఈల్లందరి ముందరా సదువు. శవం ఇయ్యి. అప్పుడు సూపుతాను పచ్చజెండా."

కల్నల్ ఇంజను వైపు తిరిగారు. "పోనివ్వు!"

గురవయ్య ఇంజను పక్క తలుపు తీసి, రెండు చేతులూ బయటికి చాపి చూపించాడు. "ఎర్రజెండా ఉందండి," అన్నాడు. "పెట్టినోలే తియ్యాల. మాకు అదే పాఠం."

నలభై మందీ లేచి బోడెమ్మ వెనక నిలబడ్డారు. కల్నల్ జేబులు తడుముకున్నారు. కలానికే కాబోలు. చేతికి తాళం తగిలింది.

దాలినాయుడు బండి దిగి వచ్చి, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీశాడు. పగిలిన చక్రాల మీద గీత గీసే సుద్ద.

"కాయితం ఒద్దు బాబూ. మళ్ళీ మార్చీస్తారు. ఈ రేకు మీద రాయండి. మా ఓలు దాని మీద రంగేస్తారు, సెరగదు."

కల్నల్ చాలాసేపు ఆ సుద్దనే చూశారు. వెనక తీరం వైపు గుండ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆఖరికి తీసుకున్నారు. ఇంజను పక్క రేకు మీద 'కీమేన్' అని రాసి, సుద్ద ఆపేశారు.

"పేరేమిటి?" అన్నారు.

చంపిన మనిషి పేరు కూడా తెలీదు ఈయనకి, అని అందరూ ఆయన కళ్ళలోకే చూస్తున్నారు. ఆయన మెడ దాకా ఎర్రబడింది.

"తవిటయ్య," అంది బోడెమ్మ. "ముద్దాడ తవిటయ్య. ఇంటిపేరుతో రాయి. మూడొందల మందిని కాసినాడని రాయి. ఎవులు సంపినారో అదీ రాయి."

సుద్ద రేకు మీద కీచుమంది. ఆ కీచు రేకులోంచి ఇరుసులోకి, ఇరుసులోంచి పట్టాలోకి దిగి, పట్టా మీద చెయ్యి ఆన్చి కూర్చున్న దాలినాయుడి అరచేతికి తెలిసింది. ఒక్కో అక్షరం తెలిసింది. పేరు అయిపోయింది. మూడు వందల మాటా అయిపోయింది. ఎవరు చంపారో రాయాల్సిన చోట సుద్ద ఆగింది.

బోడెమ్మ జెండా దించలేదు.